రీఫ్ ట్యాంకుకు యూవీ స్టెరిలైజర్: ముందు నీటి వేగం తేల్చుకోవాలి, పైపు తరువాత

బరంపురం నుంచి ప్రశ్న పంపిన మిత్రునికి నమస్కారం. తరువాత వచ్చే లెక్కలన్నీ మీరు ఇచ్చిన వివరాల మీదే ఆధారపడి ఉంటాయి కనుక, ముందుగా వాటిని ఒకచోట పెడతాను. మీది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న రీఫ్ ట్యాంకు, అంటే పగడాలున్న ఉప్పునీటి చేపల తొట్టె. కింద మూడు గదుల సంప్ (ట్యాంకు నీరు దిగి శుద్ధి అయ్యే తొట్టె) ఉంది: మొదటి గదిలో ఫిల్టర్ సాక్ (నలకలు పట్టే గుడ్డ సంచి), రెండవ గదిలో స్కిమ్మర్ (బుడగల నురుగుతో మలినాలను తీసే పరికరం), మూడవ గదిలో గంటకు 5,000 లీటర్లు అని పెట్టె మీద రాసి ఉన్న, నీటిని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు. రాళ్ళు, ఇసుక ఆక్రమించే చోటు తీసివేసి, సంప్‌లోని నీటిని కలుపుకొంటే మొత్తం నీరు సుమారు 450 లీటర్లు. మీరు కొన్న యూవీ (నీటిని అతినీలలోహిత దీపం ముందు నుంచి పంపి సూక్ష్మజీవులను అణిచే గొట్టం) 18 వాట్లది. గంటకు 1,500 లీటర్ల ప్రవాహం వద్ద చదరపు సెంటీమీటరుకు 30,000 మైక్రోవాట్ సెకండ్ల మోతాదు అందుతుందని దాని పెట్టె చెబుతోంది. ప్లంబరు రిటర్న్ పైపును మధ్యలో కోసి అక్కడే బిగిస్తానంటున్నాడు. కొత్త చేపతో వచ్చిన తెల్లమచ్చల జబ్బు దీనితో పోతుందని అమ్మినవారు హామీ ఇచ్చారు. గోపాలపూర్ నుంచి తెచ్చుకునే సముద్రపు నీటిని కూడా దీని గుండా పంపి వాడుకోవచ్చా అని మీరు అడిగారు.

రిటర్న్ పైపులో పెట్టించవద్దు. యూవీకి దాని సొంత చిన్న పంపు, సొంత దారి ఇవ్వండి. తెల్లమచ్చల జబ్బు దీనితో నెమ్మదిస్తుంది గాని పోదు. సముద్రపు నీటి సంగతి చివర్లో చెబుతాను, అక్కడ యూవీ కంటే ముందు చూడవలసినవి ఉన్నాయి.

రిటర్న్ పైపు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే మోతాదు గురించి కొంచెం మాట్లాడుకోవాలి. ఈ దీపం నుంచి వచ్చే 254 నానోమీటర్ల కిరణం సూక్ష్మజీవి లోపలి డీఎన్ఏను దెబ్బతీసి, అది మళ్ళీ పెరగకుండా చేస్తుంది. ఎంత దెబ్బ తగులుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: కిరణం ఎంత బలంగా ఉంది, ఆ జీవి దాని ఎదుట ఎంతసేపు ఉంది. దీపం బలం మన చేతిలో లేదు, కొన్నప్పుడే నిర్ణయమైపోయింది. ఎదుట ఉండే సమయం మాత్రం పూర్తిగా నీటి వేగం మీద ఆధారపడి ఉంటుంది కనుక అది మన చేతిలో ఉంది. వేగాన్ని సగం చేస్తే మోతాదు రెట్టింపవుతుంది, రెట్టింపు చేస్తే సగమవుతుంది. ఇంత సూటి లెక్క ఈ హాబీలో మరెక్కడా దొరకదు.

ఇప్పుడు మీ ట్యాంకుకు అన్వయించి చూడండి. 5,000 లీటర్ల పంపు నాలుగడుగుల ఎత్తుకు నీటిని ఎక్కించి, రెండు మూడు ఎల్బోలు (పైపు వంపులు) దాటించేసరికి, గంటకు 3,000 లీటర్లు వచ్చినా సంతోషించాలి. ఆ వేగంతో మీ యూవీ గుండా పంపితే అందే మోతాదు 15,000 మాత్రమే. నీటిలో తేలే బాక్టీరియాకు, నీటిని పచ్చగా చేసే నాచుకు సాధారణంగా 30,000 ప్రాంతంలో లెక్క వేసుకుంటారు. తెల్లమచ్చలను కలిగించే ఏకకణ జీవి వంటి వాటికి తయారీదారులే 90,000, కొందరు అంతకంటే ఎక్కువ చెబుతారు. అంటే రిటర్న్ పైపులో బిగించిన మీ యూవీ ఈ రెండు పనుల్లో దేనికీ చాలదు, పైగా రిటర్న్ ప్రవాహానికి అడ్డుగా కూర్చుంటుంది. అదే యూవీ గుండా గంటకు 500 లీటర్లు మాత్రమే పంపితే మోతాదు 90,000కు చేరుతుంది, ప్రతి గంటకు మీ నీటి మొత్తం కంటే కొంచెం ఎక్కువే దాని గుండా పోతుంది కూడా. మీరు గురి పెట్టవలసిన అంకె ఇది. పెట్టె మీది అంకె కొత్త దీపానికి, తేటనీటికి వేసినదై ఉండవచ్చు, దీపం ముదిరే కొద్దీ బలం తగ్గుతుంది కనుక, 500 కంటే 400 వైపు ఉంటే ఇంకా మంచిది.

ఇంత నెమ్మదిగా పంపితే ట్యాంకులోని నీరంతా ఎప్పటికి శుద్ధి కావాలి అన్న సందేహం సహజంగా వస్తుంది. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో యూవీని చూసినవారికి ఈ సందేహం మరీ ఎక్కువ. అక్కడి పని వేరు: బయటినుంచి వచ్చే నీరు ఒక్కసారి దీపం ముందు నుంచి పోయి నేరుగా పిల్లల తొట్టెలోకి చేరుతుంది, కాబట్టి ఆ ఒక్క దాటులోనే పని పూర్తి కావాలి. మనది తిరిగే నీరు. దీపం దాటిన నీరు దాటని నీటిలో కలిసిపోతుంది, ఆ కలిసిన నీటిలో నుంచే మళ్ళీ కొంత దీపం ముందుకు వస్తుంది. అందుచేత, నీటి మొత్తానికి సమానమైన పరిమాణం ఒకసారి యూవీ గుండా పోయేసరికి నిజంగా దాటినది సుమారు 63 శాతమే, మూడు రెట్లు పోయేసరికి 95 శాతం. నూటికి నూరు ఎప్పటికీ కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, యూవీ నీటిలో తేలేవాటి సంఖ్యను తగ్గించి ఉంచుతుందే తప్ప తుడిచిపెట్టదని అర్థమవుతుంది.

తెల్లమచ్చల జబ్బు సంగతి ఇక్కడే చెప్పడం మంచిది. క్రిప్టోకారియాన్ అనే ఆ పరాన్నజీవి మూడు నుంచి ఏడు రోజులు చేప చర్మం లోపల ఉంటుంది. తరువాత రాలి, ఇసుక మీదనో రాతి మీదనో గట్టి పెంకు కట్టుకొని, సాధారణంగా మూడు రోజుల నుంచి నాలుగు వారాల వరకు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం కూర్చుంటుంది. ఆ పెంకు పగిలినప్పుడు వందల కొద్దీ ఈదే పిల్లలు బయటకు వస్తాయి. ఈ ఈదే దశ ఒక్కటే యూవీకి చిక్కుతుంది. ఆ దశ చాలా పొట్టిది, వాటి ఆయువు ఒకటి రెండు రోజులు, చేపను పట్టుకునే శక్తి అయితే కొన్ని గంటలే. పైగా అవి ఎక్కువగా చీకటి వేళ, తెల్లవారకముందు విడుదలవుతాయి, అప్పుడు చేప రాతి సందులో, ఇసుకకు దగ్గరలో కదలకుండా నిద్రపోతూ ఉంటుంది. అడుగునుంచి చేప దాకా ఉన్న ఆ జానెడు దూరంలో యూవీ లేదు. అది మీ సంప్‌లో ఉంది. అందుకే యూవీ పెట్టినవారి ట్యాంకుల్లో జబ్బు ఉధృతి తగ్గి, బలమైన చేపలు తట్టుకొని నిలబడటం చూస్తాం గాని, జబ్బు ట్యాంకు నుంచి పూర్తిగా వెళ్ళిపోవడం చూడం. నిజంగా వదిలించుకోవాలంటే చేపలన్నింటినీ వేరే తొట్టెకు మార్చి అక్కడ రాగి మందుతో వైద్యం చేయాలి, రీఫ్ ట్యాంకును చేపలు లేకుండా ఖాళీగా ఉంచాలి. హాబీలో 76 రోజులు అన్నది వాడుకలో ఉన్న గడువు. రాగి మందును పొరపాటున కూడా పగడాలున్న ట్యాంకులో వేయవద్దు. ఆ వైద్యపు తొట్టెకు యూవీ తగిలించవద్దు, కొన్ని మందులు ఈ కిరణానికి విరిగిపోతాయి.

యూవీ నిజంగా మెరుగ్గా పనిచేసే చోటు వేరొకటి ఉంది, మీరు అడగకపోయినా చెబుతాను. రాళ్ళ మీద గోధుమరంగు జిగురులా, బుడగలతో సాగే డైనో (డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవులు) జాతుల్లో ఆస్ట్రియాప్సిస్ అనేది రాత్రివేళ రాయిని వదిలి నీటిలో తేలుతుంది. దానికి యూవీ చక్కగా పనిచేస్తుంది, అయితే అప్పుడు నీటిని సంప్ నుంచి కాక నేరుగా పై ట్యాంకు నుంచి తీసి, పై ట్యాంకులోకే వదలాలి. ఆంఫిడినియం అనే మరో జాతి ఇసుకను వదలదు, దానికి ఎన్ని వాట్ల దీపం పెట్టినా ఫలితం ఉండదు. వీటిని కంటితో వేరుచేయలేం, చిన్న సూక్ష్మదర్శిని ఉండాలి.

ఇక అసలు పైపు పనికి వద్దాం. యూవీకి ఇచ్చే నీరు ముందే వడగట్టినదై ఉండాలి, ఎందుకంటే నలకల నీడలో దాగిన బాక్టీరియాకు కిరణం తగలదు. పసుపుపచ్చ పట్టిన పాత నీరు కూడా ఈ కిరణాన్ని మింగేస్తుంది. గదిలో తెల్లని గిన్నెలో పోసి చూస్తే తెలిసిపోతుంది, అలా ఉంటే ముందు యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. అందువల్ల సాక్, స్కిమ్మర్ దాటిన తరువాతి నీరే సరైనది. అక్కడినుంచి మూడు దారులు ఉన్నాయి.

రిటర్న్ పంపు పైపుకు టీ వేసి, ఒక కొమ్మను గేట్ వాల్వ్ ద్వారా యూవీకి ఇవ్వడం మొదటిది. రెండవ పంపు అక్కరలేదు, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. కాని రిటర్న్ పంపులో మురికి చేరి బలం తగ్గిన ప్రతిసారీ, లేదా మీరు రిటర్న్ వాల్వును కొంచెం తిప్పిన ప్రతిసారీ, యూవీ వేగం కూడా మీకు తెలియకుండానే మారిపోతుంది. ఇప్పటికే మానిఫోల్డ్ (ఒకే పంపు నీటిని పలు కొమ్మలకు పంచే పైపు) ఉన్నవారికి సరే, దీనికోసం కొత్తగా కట్టవద్దు.

రెండవది, స్కిమ్మర్ గదిలో చిన్న పంపు పెట్టి, యూవీ దాటిన నీటిని రిటర్న్ గదిలో వదలడం. పుస్తకపు లెక్క ప్రకారం ఇదే ఉత్తమం, ఎందుకంటే శుద్ధి అయిన నీరు వెంటనే పైకి వెళ్ళిపోతుంది. అయితే చేపలకు మేత వేసేటప్పుడు రిటర్న్ పంపు ఆపేసి, యూవీ పంపును మరిచిపోయారనుకోండి: అది స్కిమ్మర్ గదిలోని నీటిని తోడి రిటర్న్ గదిలోకి నింపుతూనే ఉంటుంది. ఇటు గది ఎండి పంపు ఒట్టిగా తిరుగుతుంది, అటు గది పొంగే ప్రమాదం ఉంటుంది. సంప్ చిన్నదైతే నీరు నేల మీదకు వస్తుంది.

అందుకే మీకు నేను సూచించేది మూడవది. పంపును రిటర్న్ గదిలో పెట్టి, యూవీ దాటిన నీటిని వెనక్కి, స్కిమ్మర్ గదిలోకి వదలండి. రిటర్న్ పంపు ఆగినా ఆగకపోయినా ఆ నీరు మధ్య గాజు మీదుగా మళ్ళీ రిటర్న్ గదిలోకే పడుతుంది కాబట్టి ఏ గదీ ఎండదు, ఏ గదీ పొంగదు. స్కిమ్మర్ వదిలే సన్నని బుడగలు కూడా యూవీలోకి రావు. నష్టం లేదని కాదు: శుద్ధి అయిన నీటిలో కొంత మళ్ళీ అదే పంపుకు చిక్కుతుంది. మీ 3,000 లీటర్ల రిటర్న్, 500 లీటర్ల యూవీ లెక్కన చూస్తే 500కు బదులు సుమారు 430 లీటర్ల పని జరుగుతుంది. ఏడింట ఒక వంతు పోయినా, ఇంట్లో లేని రోజున నిశ్చింతగా ఉండవచ్చు, ఆ బేరం నాకు నచ్చుతుంది. ఒక్క జాగ్రత్త: నీరు తీసే మూతి, వదిలే మూతి రెండూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టారంటే బావిలో నీళ్ళు తోడి అదే బావిలో పోసినట్లే అవుతుంది. ఇలా బిగించి నెలల తరబడి నడిపిన ట్యాంకులు ఛత్రపురం, గోపాలపూర్ వైపు నేను చూశాను.

వదిలే గొట్టం చివర స్కిమ్మర్ గదిలో నీటి మట్టానికి అర అంగుళం కింద మాత్రమే ఉండాలి. లోతుగా ముంచితే కరెంటు పోయినప్పుడు సైఫన్ పట్టి స్కిమ్మర్ గది నీరు వెనక్కి, రిటర్న్ గదిలోకి దిగుతుంది; పైన వేలాడదీస్తే చిమ్మిన చుక్కలు ఎండి, వైర్ల మీదా చెక్క మీదా ఉప్పు పేరుకుంటుంది.

సామగ్రి కొనేటప్పుడు బరంపురం హార్డ్‌వేర్ దుకాణంలో రెండు వస్తువులు మీ చేతిలో పెట్టే అవకాశం ఉంది, రెండూ వద్దు. మొదటిది, స్నానాల గది కుళాయిలకు వాడే, లోపల ఇత్తడి మరలున్న సీపీవీసీ ఎల్బో. ఇత్తడి అంటే రాగి, జింకు. ఉప్పునీటిలో అవి కరిగి, చేపల కంటే ముందు నత్తలను, రొయ్యలను, పగడాలను చంపుతాయి. మరలు కూడా ప్లాస్టిక్‌వే అడగండి. రెండవది, తాగునీటి ఆర్‌ఓ యంత్రాలకు వాడే స్టీలు గొట్టపు యూవీ. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, దీపం కూడా నిజమైనదే. కాని ఉప్పునీటికి ఆ స్టీలు నిలవదు. ఛత్రపురంలో ఒక మిత్రుని ట్యాంకు నుంచి అలాంటిది ఊడదీసి చూస్తే, బయటినుంచి అద్దంలా మెరుస్తున్న గొట్టం లోపల, వెల్డింగ్ అతుకు పొడవునా ఎర్రని చారికలు, వేలికి తగిలే గుంటలు కనిపించాయి. ఆ ఇనుము, నికెల్, క్రోమియం అన్నీ నీటిలోకి పోయినవే. మీరు కొన్నది నల్లని ప్లాస్టిక్ గొట్టమైతే పరవాలేదు. గొట్టాలు బిగించే క్లిప్పులు కూడా ప్లాస్టిక్‌వే వాడండి, మన తీరపు గాలికే స్టీలు క్లిప్పు తుప్పు పట్టిపోతుంది.

పైపు కొలతల విషయంలో దుకాణదారు మాటను కాక కాలిపర్‌ను నమ్మండి. ముప్పావు అంగుళం అని అడిగితే మూడు రకాలు రావచ్చు: స్కెడ్యూల్ 40 యూపీవీసీ బయటి కొలత 26.7 మిల్లీమీటర్లు, సీపీవీసీ 22.2, మిల్లీమీటర్ల లెక్కన అమ్మే వ్యవసాయపు పీవీసీ 25. మూడూ తెల్లగానో లేత పసుపుగానో బూడిదరంగుగానో ఉంటాయి, ఒకదానిలో ఒకటి కూర్చోవు, కూర్చున్నట్లు అనిపించినా సిమెంటుతో నింపిన ఆ సందు కొన్నాళ్ళకు కారుతుంది. బయటి దేశపు యూవీలకు ఎక్కువగా 25 లేదా 32 మిల్లీమీటర్ల మూతులు ఉంటాయి, లేదా గొట్టం తొడిగే మూతి ఉంటుంది. మీ యూవీతో వచ్చిన మూతినే దుకాణానికి పట్టుకెళ్ళి, అక్కడే తొడిగి చూసి కొనండి. మెత్తని గొట్టం వాడదలిస్తే పారదర్శకమైనది కాక నల్లనిది తీసుకోండి. యూవీ మూతి దగ్గర కాంతి తగిలిన పారదర్శక గొట్టం కొంతకాలానికి పెళుసుబారి చీలుతుంది, మిగిలిన భాగంలో నాచు పడుతుంది.

యూవీ గొట్టాన్ని నిలువుగా, సంప్ పెట్టె పక్క చెక్కకు క్లాంపులతో బిగించి, నీరు కింది మూతి నుంచి లోపలికి వచ్చి పై మూతి నుంచి బయటకు పోయేట్టు అతకండి. అప్పుడు లోపల గాలి నిలవదు. నిలువుగా పెట్టే చోటు లేక పడుకోబెట్టవలసి వస్తే రెండు మూతులూ ఆకాశం వైపు చూడాలి. లోపల గాలి బుడగ నిలిచిన చోట నీరుండదు కాబట్టి దీపాన్ని కప్పి ఉండే క్వార్ట్జ్ గాజు గొట్టం అక్కడ వేడెక్కుతుంది, శుద్ధి కూడా జరగదు. రెండు మూతుల దగ్గరా యూనియన్లు (విప్పి మళ్ళీ బిగించగల పైపు జోళ్ళు) తప్పనిసరి, లేకపోతే ఏడాదికి ఒకసారి దీపం మార్చాలన్నా పైపు కోయవలసి వస్తుంది. వేగాన్ని తగ్గించే వాల్వును బయటకు పోయే వైపు పెట్టండి, లోపల ఎప్పుడూ నిండుగా ఉంటుంది. బాల్ వాల్వు కంటే గేట్ వాల్వు మేలు: బాల్ వాల్వును ఒక వెంట్రుకవాసి తిప్పితే వంద లీటర్లు మారిపోతుంది. యూనియన్‌లోని ఓ-రింగుకు (రబ్బరు వలయానికి) కొంచెం సిలికాన్ గ్రీజు రాసి చేత్తోనే బిగించాలి; ఓ-రింగు ఉన్న చోట టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, పానాతో పళ్ళు బిగించి తిప్పవద్దు. సాల్వెంట్ సిమెంటు అతుకులను ఒక రోజంతా ఆరనిచ్చి, మంచినీటితో ఒకసారి తిప్పి పారబోసిన తరువాతే ట్యాంకు నీటిని పంపండి.

పంపు గంటకు 1,000 నుంచి 1,500 లీటర్ల స్థాయిది చాలు. బిగించాక వేగాన్ని కొలవకుండా వదలవద్దు, ఈ పని మొత్తంలో ఎక్కువమంది వదిలేసేది ఇదే. వదిలే గొట్టం చివరను, దాని ఎత్తు మార్చకుండా, కొలత గీతలున్న పది లీటర్ల బకెట్‌లోకి తిప్పి, ఫోన్‌లో సెకండ్లు చూడండి. పది లీటర్లు నిండటానికి 72 సెకండ్లు పడితే గంటకు 500 లీటర్లు. 90 పడితే 400. వాల్వును కొంచెం మూసి మళ్ళీ కొలవండి. కావలసిన చోటు దొరికాక వాల్వు పిడి మీద మార్కర్‌తో గీత పెట్టండి. రెండు మూడు నెలలకు ఒకసారి మళ్ళీ బకెట్ పట్టండి, పంపులో చేరే సున్నం, నాచు వేగాన్ని తగ్గిస్తాయి. వేగం తగ్గితే మోతాదు పెరుగుతుంది గాని దాటే నీరు తగ్గుతుంది, అది గమనించుకోవాలి.

కరెంటు వైపు మూడు మాటలు. యూవీ, దాని పంపు రెండూ ఒకే స్విచ్చు మీద ఉండాలి; పంపు ఆగి దీపం వెలుగుతూ ఉంటే నిలిచిన నీరు లోపల వేడెక్కి ఓ-రింగులు, ప్లాస్టిక్ పాడవుతాయి. ఆ స్విచ్చు ఇన్వర్టర్ మీద కాక మెయిన్ లైను మీదే ఉండాలి. కోత వేళ మీ బ్యాటరీ బలం ట్యాంకు నీటిని కదిపే వేవ్‌మేకర్‌కూ రిటర్న్ పంపుకూ దక్కాలి. యూవీ కొన్ని గంటలు ఆగితే ఏ పగడమూ చావదు. ట్యాంకు లైన్లన్నింటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి, ప్రతి వైరూ సాకెట్ కంటే కిందకు ఒక వంపు దిగి పైకి వెళ్ళేట్టు కట్టండి, అప్పుడు వైరు వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఇక దీపం వెలుగుతుండగా మూత తెరిచి చూడటం మాత్రం ఎన్నడూ చేయవద్దు, ఈ కిరణం కొద్దిసేపటిలోనే కళ్ళను మంటపెట్టిస్తుంది.

వేడి గురించి మన ప్రాంతంలో అందరూ అడుగుతారు. 18 వాట్లు మొత్తం నీటిలోకే పోయాయనుకున్నా, 450 లీటర్ల నీటిని అది రోజుకు 0.8 డిగ్రీ సెల్సియస్ మేరకే వేడి చేయగలదు, అదీ నీరు ఏ వేడినీ బయటకు వదలకపోతే. నిజానికి పైనుంచి ఆవిరయ్యే నీరు అందులో చాలా భాగాన్ని తీసుకుపోతుంది. మే నెలలో మీ ట్యాంకును వేడి చేసేది గది గాలి, పెద్ద పంపులే. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) ఉంటే యూవీని దానికి ముందు పెట్టండి, ఇంకేమీ ఆలోచించనక్కరలేదు.

మంచి బాక్టీరియా చచ్చిపోతుందన్న భయం కూడా అక్కరలేదు. అమ్మోనియాను తినే బాక్టీరియా రాళ్ళకు, ఇసుకకు అంటుకొని ఉంటుంది, నీటిలో తేలుతూ దీపం ముందుకు రాదు. సీసాలోని బాక్టీరియాను కొత్తగా పోసినప్పుడు మాత్రం రెండు మూడు రోజులు, పగడాలకు సజీవ ఫైటో (సూక్ష్మ నాచు) పోసినప్పుడు కొన్ని గంటలు యూవీ ఆపండి.

నిర్వహణలో క్వార్ట్జ్ గొట్టమే ప్రధానం. దీపం వేడికి, ఆల్కలినిటీ ఎక్కువగా ఉంచే రీఫ్ ట్యాంకుల్లో దాని మీద సన్నని సున్నపు పొర కడుతుంది. తడిగా ఉన్నప్పుడు ఆ పొర కనిపించదు. గుడ్డతో తుడిచి ఆరనిచ్చి కిటికీ వెలుగుకు పెట్టి తిప్పితే, దీపం ఎదుట ఉన్న భాగం పాలమీగడలా తెల్లగా తేలుతుంది. ఆ పొర కిరణాన్ని ఆపేస్తుంది, దీపం కొత్తదైనా లాభం లేదు. వినిగర్‌లో గాని నిమ్మ ఉప్పు నీటిలో గాని కొంతసేపు నానబెట్టి మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది, గీరవద్దు. దీపాన్ని వేళ్ళతో పట్టుకోవలసి వస్తే స్పిరిట్ గుడ్డతో తుడిచి పెట్టండి. ఈ దీపాలకు సాధారణంగా 8,000 నుంచి 9,000 గంటల ఆయువు చెబుతారు, నిరంతరం నడిపితే అది ఏడాదే. నీలంగా వెలుగుతోంది కదా అని ఇంకో ఏడాది నడిపేవారు ఉన్నారు. కంటికి కనిపించే ఆ నీలం వేరు, పని చేసే కిరణం వేరు, మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు.

గోపాలపూర్ నీటి సంగతి. తెచ్చిన నీటిని నేరుగా ట్యాంకులో పోయకుండా, నిలువ డ్రమ్ములో ఒకటి రెండు రోజులు తేరనిచ్చి, అయిదు మైక్రాన్ల ఫిల్టర్ గుండా వడగట్టి, ఆ డ్రమ్ములోనే యూవీని పంపుతో తిప్పి వాడవచ్చు, అది మంచి అలవాటే. కాని యూవీ ఉప్పును సరిచేయదు, రసాయనాలను తీసివేయదు. వానలు, వరదలు పడ్డాక రుషికుల్య వంటి నదుల నీరు తీరం వెంట పరుచుకొని ఉప్పదనం పడిపోతుంది. ఆ నెలల్లో ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 లేదా 1.026 రాని నీటిని తేవద్దు, ఓడరేవుకు, నదీముఖానికి దగ్గరలో తోడవద్దు. వానాకాలంలో ప్యాకెట్ ఉప్పుతో నీరు కలుపుకోవడమే నయం.

చివరగా తుపాను మాట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాను, మీ గంజాంను కూడా ముంచింది. రెండుసార్లూ చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి కోతలో యూవీ గొట్టంలో చిక్కుకున్న నీటిలో ప్రాణవాయువు అయిపోయి, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే వాయువు పుడుతుంది. కరెంటు రాగానే స్విచ్చు వేస్తే ఆ నీరు నేరుగా సంప్‌లోకి పోతుంది. ఒక రోజుకు మించి ఆగి ఉంటే, ముందు యూనియన్లు విప్పి ఆ నీటిని బకెట్‌లోకి వంచి పారబోయండి, మళ్ళీ బిగించి, పంపు నీటిని నింపిందని చూసుకున్నాక దీపం ప్లగ్గు పెట్టండి. తుపాను హెచ్చరిక ముందే వస్తే యూవీని ముందురోజే ఖాళీ చేసి పొడిగా పెట్టుకోవడం ఇంకా తేలిక.